హెడ్ దించాలా, బిగిస్తే చాలా?

42వ నంబరు జాతీయ రహదారి కదిరి దాటి మదనపల్లెకు వచ్చి, పుంగనూరు, పలమనేరు, వి.కోటల మీదుగా కుప్పం చేరి, అక్కడినుంచి తమిళనాట కృష్ణగిరికి పోతుంది. చిత్తూరు పడమటి మండలాలని ఇప్పటికీ జనం పిలుచుకునే ఈ సీమలో పాత కారు పెట్టుకున్నవాళ్ళంతా ఆ దారి వెంట ఉన్న ఏదో ఒక గ్యారేజీ ముందు ఎప్పుడో ఒకప్పుడు నిలబడినవాళ్ళే. అక్కడ తెగని వాదం ఒకటుంది. బండి హీటెక్కుతోంది, రేడియేటర్లో పోసిన నీళ్ళు పోసినట్టే మాయమవుతున్నాయి. హెడ్ దించి గ్యాస్కెట్ మార్చాలా, హెడ్ నట్లు ఒక దఫా బిగించి పంపేస్తే చాలా?

బిగిస్తే చాలనేవాళ్ళు ఎక్కువగా అంబాసిడర్ల మీద పని నేర్చిన పాత మేస్త్రీలు. దించాల్సిందే అనేవాళ్ళు మారుతి మీద చెయ్యి తిరిగినవాళ్ళు. మూడో పక్షం కూడా ఉంది: ఈ ముసలి ఇంజన్‌కు ఇంత ఖర్చెందుకు, బెంగళూరు నుంచి సెకండ్ హ్యాండ్ ఇంజన్ తెచ్చి పెట్టేద్దాం అంటుంది. ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది. ముగ్గురూ వదిలేసే సంగతి కూడా ఒకటుంది, నా దృష్టిలో అదే అసలుది. ఈ ప్రాంతంలో గ్యాస్కెట్ తనంతట తాను పోయేది తక్కువ. దాన్ని పోగొట్టేవి బోరు నీళ్ళూ, కొలత లేని స్పానరూ. ఆ రెంటినీ అలాగే ఉంచి గ్యాస్కెట్ ఒక్కటే మారిస్తే మళ్ళీ అదే గ్యారేజీ, అదే ఖర్చు.

ముందు బండ్ల సంగతి చూద్దాం. అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది, మారుతి 800 అదే ఏడాది జనవరిలో. ప్రీమియర్ పద్మిని వాటికంటే పుష్కరానికి పైగా ముందే వెళ్ళిపోయింది. అన్నీ పాతవే అయినా హెడ్ దగ్గరికొచ్చేసరికి వీటికి పొంతన లేదు. 1489 సీసీ పాత పెట్రోల్ అంబాసిడర్‌ది ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఇంజన్. బ్లాకూ పోత ఇనుమే, హెడ్డూ పోత ఇనుమే. పద్మినిది ఫియట్ 1100 వారసత్వం, 1089 సీసీ. బ్లాకు ఇనుము, హెడ్ అల్యూమినియం. మారుతి 800ది 796 సీసీ, మూడే సిలిండర్లు; అదీ ఇనుప బ్లాకు మీద అల్యూమినియం హెడ్డే. పైగా క్యామ్‌షాఫ్ట్ హెడ్ మీదే కూర్చుంటుంది, టైమింగ్ బెల్టు దాన్ని తిప్పుతుంది. కాబట్టి హెడ్ దించాలంటే బెల్టు కూడా విప్పాలి.

ఇనుము మీద ఇనుము ఉంటే రెండూ ఒకే లెక్కన వ్యాకోచిస్తాయి. అల్యూమినియం ఇనుముకు రెట్టింపు పెరుగుతుంది. అడుగు పొడవున్న హెడ్ పొద్దున చల్లగా ఉన్నప్పటినుంచి పూర్తిగా వేడెక్కేలోపు, అంటే ఓ 70 డిగ్రీల తేడాలో, అల్యూమినియందైతే దాదాపు అర మిల్లీమీటరు, పోత ఇనుముదైతే పావు మిల్లీమీటరు పెరుగుతుంది. మధ్యలో ఉన్న గ్యాస్కెట్ ఆ తేడాను రోజూ రాపిడిగా భరించాలి. మేస్త్రీల తగాదాలో సగం ఇక్కడే పుట్టింది. అంబాసిడర్ విషయంలో ఒకరు చెప్పిన నిజాన్ని ఇంకొకరు మారుతి మీద పెట్టి చూసి అబద్ధమంటారు.

గ్యాస్కెట్ చేసే పని చూస్తే జాలేస్తుంది. పలచటి రేకు ఒక్కటే మూడింటిని కలవకుండా ఆపాలి: సిలిండర్లో మండే వాయువు, చుట్టూ తిరిగే నీళ్ళు, ఇంకో దారిలో పోయే ఆయిల్. పెట్రోల్ ఇంజన్లో మంట రేగిన క్షణాన లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి నలభై, యాభై రెట్లు ఉంటుంది. డీజిల్లో ఇంకా ఎక్కువ. తొలినాళ్ళలో చాలా ఇంజన్లకు హెడ్డూ బ్లాకూ కలిపి ఒకటే పోత. గ్యాస్కెట్ గొడవ లేదు, వాల్వు పని చెయ్యాలంటే మాత్రం నరకం. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి హెడ్‌ను విప్పే వీలుతో విడిగా చేసింది. విప్పే సౌకర్యం వచ్చాక గ్యాస్కెట్ తప్పలేదు. చాలాకాలం అది రాగి రేకుల మధ్య ఆస్బెస్టాస్. తర్వాత ఆస్బెస్టాస్ లేని కాంపోజిట్, గ్రాఫైట్ రకాలు వచ్చాయి. ఇప్పటి కార్లలో స్టీలు రేకులను పొరలుగా పేర్చిన ఎంఎల్ఎస్ గ్యాస్కెట్లు ఉంటున్నాయి. ఈ వంశావళి చెప్పడం ఎందుకంటే, బిగింపు వాదమంతా దీని మీదే నిలబడింది. ఆస్బెస్టాస్, కాంపోజిట్ గ్యాస్కెట్లు వేడికీ ఒత్తిడికీ అణిగి పలచబడతాయి, నట్ల పట్టు సడలుతుంది. స్టీలుది దాదాపుగా అణగదు.

ఇక నీళ్ళ దగ్గరికి వద్దాం. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. పుంగనూరు, కుప్పం కూడా కాస్త అటూ ఇటూగా ఆ ఎత్తువే. చల్లటి ఊళ్ళు, ఇంజన్‌కు హాయి అనుకుంటాం. కానీ ఎత్తు పెరిగేకొద్దీ నీళ్ళు ముందే మరుగుతాయి. 700 మీటర్ల దగ్గర 98 డిగ్రీలు చేరకముందే మరిగిపోతాయి. హార్స్‌లీ హిల్స్ పైన, 1,265 మీటర్ల దగ్గర, 96 డిగ్రీలే. రేడియేటర్ మూత సరిగ్గా పట్టి ఉంచితే ఈ తేడాను పట్టించుకోనక్కర్లేదు, 0.9 బార్ మూత మరిగే స్థాయిని మరో 18 డిగ్రీలు పైకి నెడుతుంది. మూత రబ్బరు ఎండి, స్ప్రింగు చచ్చినప్పుడే చిక్కు. హార్స్‌లీ హిల్స్ ఘాటు గానీ, తిరుపతి దారిలోని భాకరాపేట ఘాటు గానీ, చిత్తూరు వైపు మొగిలి ఘాటు గానీ తీసుకోండి. పెళ్ళివాళ్ళతో నిండిన బండి రెండో గేర్లో మూలుగుతూ ఎక్కుతుంటుంది. వేగం లేదు కాబట్టి రేడియేటర్‌కు గాలి తగలదు, బరువు వల్ల ఇంజన్ మాత్రం పూర్తి శక్తితో మండుతుంటుంది. వందలు ఖరీదు చేసే మూత బాగోలేక వేలు ఖరీదు చేసే హెడ్ వంకర పోయే చోటు అదే.

అంతకంటే పెద్ద దొంగ గార. ఈ నేలంతా గ్రానైట్ రాయి; కుప్పం చుట్టుపక్కల క్వారీలు చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. బోర్లు వందల అడుగుల లోతుకు, కొన్నిచోట్ల వెయ్యి అడుగులు దాటి పోయాయి. రాతి పగుళ్ళలో నిలిచి నిలిచి పైకొచ్చే ఆ నీళ్ళలో సున్నపు లవణాలు దండిగా ఉంటాయి. కాచిన గిన్నె అడుగున తెల్లగా పట్టే గారే ఇంజన్ లోపలా పడుతుంది. అది కూడా అన్నిచోట్లా సమంగా పట్టదు. ఎక్కడ వేడి ఎక్కువో అక్కడ, అంటే ఎగ్జాస్ట్ వాల్వు చుట్టూ, రెండు సిలిండర్ల నడిమి గోడ దగ్గర దట్టంగా పేరుకుంటుంది. ఇనుముతో పోలిస్తే గార వేడిని మోసుకుపోయే శక్తి పదుల రెట్లు తక్కువ. కాబట్టి డ్యాష్‌బోర్డు మీద ముల్లు మామూలుగానే ఉంటుంది, లోపల మాత్రం అరచెయ్యంత చోటు కాలుతూ ఉంటుంది. హెడ్ అక్కడే ఉబ్బి, అక్కడే వంగి, గ్యాస్కెట్ అక్కడే మాడుతుంది. దించి చూసినప్పుడు గ్యాస్కెట్ ఎక్కువగా రెండు సిలిండర్ల మధ్య సన్నటి చోట నల్లగా కాలి కనబడడంలో గార వాటా కూడా ఉంది.

కూలెంట్ లేని ఒట్టి నీళ్ళ వల్ల ఇంకో నష్టం ఉంది. ఇనుప బ్లాకు తుప్పు రాలి ఎర్రటి బురదగా వెనకవైపు అడుగున చేరుతుంది. అల్యూమినియం హెడ్‌లో నీటి రంధ్రాల అంచులు తినేసినట్టు గుంటలు పడతాయి. ఆ గుంట మీద ఎంత మంచి గ్యాస్కెట్ పెట్టినా కూర్చోదు. మందు చాలా చవక. ఇప్పుడు ఏ పల్లెకు పోయినా ఆర్‌వో నీళ్ళ ప్లాంటు ఉంది. ఆ నీళ్ళలో గానీ, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో గానీ, డబ్బా మీద రాసిన పాళ్ళలో కూలెంట్ కలిపి పోస్తే చాలు. కూలెంట్ లేకుండా ఒట్టి ఆర్‌వో నీళ్ళు పోస్తే గార తప్పుతుందే గానీ తుప్పు తప్పదు. టమోటా తోటకు డ్రిప్పు పైపులు గార పట్టి మూసుకుంటే యాసిడ్ పెట్టి కడిగే రైతు తన కారు రేడియేటర్‌లో అదే బోరు నీళ్ళు పోయడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

థర్మోస్టాట్ కథ ఇక్కడే చెప్పాలి. మన ఎండలకు ఇదెందుకని తీసి పారేసే అలవాటు గ్యారేజీల్లో పాతుకుపోయింది. తీసేశాక ఇంజన్ సరైన వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది. ఈ ఊళ్ళలో డిసెంబరు, జనవరి చలికి చిన్న దూరాలు తిరిగే బండైతే అసలు చేరదు కూడా. ఆయిల్లో చెమ్మ నిలిచి ఇంజన్ అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూనే బైపాస్ దారిని మూస్తుంది. అలాంటి వాటిలో దాన్ని తీసేస్తే కొంత నీరు రేడియేటర్‌కు వెళ్ళకుండానే తిరిగి ఇంజన్లోకి వచ్చేస్తుంది, ఘాటెక్కేటప్పుడు వేడి ఇంకా పెరుగుతుంది. థర్మోస్టాట్ పాడైతే కొత్తది వెయ్యాలి తప్ప తీసేయడం వైద్యం కాదు.

నీళ్ళనూ గారనూ ఇంతగా తిట్టాక న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. గ్యాస్కెట్ నేరమో, డిజైన్ నేరమో అయిన ఇంజన్లు ప్రపంచంలో లేకపోలేదు. ఇంగ్లండులో రోవర్ కె సిరీస్, జపాను సుబారు వాళ్ళ 2.5 లీటర్ల ఇంజన్లలో కొన్ని ఈ విషయంలో పేరు పోగొట్టుకున్నాయి. చూసుకునేవాళ్ళు బాగానే చూసుకున్నా గ్యాస్కెట్లు పోయాయి. అంబాసిడర్ పాత పెట్రోల్ ఇంజన్ గానీ, మారుతి 800 ఇంజన్ గానీ ఆ జాబితాలోవి కావు. వీటిలో గ్యాస్కెట్ పోయిందంటే ముందుగా వేడిని అనుమానించడమే సరైన దారి.

రోగ నిర్ధారణ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, తొందర పడొద్దనడం తప్ప. సైలెన్సర్లో తెల్లటి ఆవిరి ఆగకుండా రావడం, బయట ఎక్కడా చుక్క కారకుండానే నీళ్ళు తగ్గడం, చల్లటి ఇంజన్ మీద మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్లో బుడగలు రావడం, పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేసారి మిస్ కొట్టడం గట్టి సాక్ష్యాలు. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఆయిల్ మూత అడుగున మాత్రమే కాస్త తెల్లటి నురగ ఉండి, గేజి కడ్డీ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే అది చలికాలపు చెమ్మే కావచ్చు. ఆ నురగ చూసి హెడ్ దించేవాళ్ళున్నారు. వాటర్ పంపు సీలు, బ్లాకు పక్కన తుప్పుపట్టిన వెల్చ్ ప్లగ్గు, పగిలిన హోసు, చచ్చిన మూత, తెగిన ఫ్యాన్ స్విచ్చి ముందు చూసుకోవాలి. కంప్రెషన్ గేజి ఉన్న గ్యారేజీలో ప్రతి సిలిండర్ కొలిస్తే పది నిమిషాల్లో సగం అనుమానాలు తీరతాయి.

ఇప్పుడు బిగింపు వాదం. బిగిస్తే చాలనే మేస్త్రీలు గాలిలోంచి మాట్లాడటం లేదు. పాత ఆస్బెస్టాస్, కాంపోజిట్ గ్యాస్కెట్లు కొత్తగా వేశాక ఇంజన్ వేడెక్కి చల్లారినప్పుడు అణుగుతాయి. అందుకే కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత నట్లను మళ్ళీ లెక్కకు బిగించాలని ఆనాటి వర్క్‌షాప్ మాన్యువళ్ళే చెప్పాయి. ఆ రెండో బిగింపు ఎగ్గొట్టడం వల్లే పోయిన గ్యాస్కెట్లు బోలెడు. బండి తీసుకుపోయిన యజమాని మళ్ళీ రాడు. వస్తే కూలీ అడుగుతారేమోనని భయం. మేస్త్రీ కూడా పిలవడు. ఇనుప హెడ్ అంచున కొంచెం ఆయిలో నీళ్ళో ఊరుతున్న దశలో కూడా బిగింపు కొన్నిసార్లు పనిచేస్తుంది. సిలిండర్ చుట్టూ ఉండే లోహపు వలయం ఒకసారి కాలి తెగాక మాత్రం ఏ బిగింపూ దాన్ని తిరిగి మొలిపించదు. అప్పుడు నట్టు మీద వేసే అదనపు బలమంతా హెడ్‌ను ఇంకాస్త వంచడానికో, స్టడ్డును లాగి తెంపడానికో పోతుంది. కొత్త కార్లలో కోణం కొలిచి బిగించే బోల్టులు వస్తున్నాయి. అవి సాగే హద్దు దాకా సాగి నిలుస్తాయి. వాటిని రెండోసారి బిగించకూడదు. చాలా కంపెనీలు విప్పాక మళ్ళీ వాడనే వద్దంటాయి. పాత మేస్త్రీ అలవాటు కొత్త బండికి ప్రమాదం అయ్యేది ఇక్కడే.

బిగించేటప్పుడు కూడా పద్ధతి ఉంది. అల్యూమినియం హెడ్‌ను వేడి మీద ముట్టుకోకూడదు, రాత్రంతా చల్లారనివ్వాలి. ఇనుప హెడ్డుకు కొన్ని మాన్యువళ్ళు వేడి మీద అంటాయి, కొన్ని చల్లగా అంటాయి; ఆ బండి మాన్యువల్ మాటే చెల్లాలి. నట్టును ఉన్నచోటే ఇంకాస్త నొక్కితే కొలత తప్పొస్తుంది. పట్టేసిన మర దాటకముందే రెంచి టిక్కుమంటుంది. ఒక్కో నట్టును పావు చుట్టు వదులు చేసి, లెక్కకు బిగించి, తర్వాత ఇంకోదానికి పోవాలి. అన్నీ ఒకేసారి వదులు చేస్తే గ్యాస్కెట్ లేస్తుంది. వరస నడిమి నుంచి మొదలై అటొకటి ఇటొకటిగా చివరలకు పోవాలి. విప్పేటప్పుడు చివరల నుంచి నడిమికి రావాలి. నులక మంచాన్ని ఒకవైపే లాగి బిగిస్తే కోళ్ళు నేలకు ఆనవు. హెడ్డుదీ అదే తీరు. బిగించాక ట్యాపెట్లు తప్పకుండా చూడాలి. పుష్‌రాడ్ ఇంజన్లో హెడ్ కిందికి దిగితే ట్యాపెట్ సందు తగ్గుతుంది, వాల్వు పూర్తిగా మూసుకోదు, కొన్నాళ్ళకు కాలిపోతుంది. గ్యాస్కెట్ కాపాడబోయి వాల్వు పోగొట్టుకున్నట్టవుతుంది. అంబాసిడర్ పాత పెట్రోల్ ఇంజన్‌లో ఇంకో మెలిక ఉంది. రాకర్ షాఫ్టును పట్టే నట్లలో కొన్ని హెడ్ నట్లే. రాకర్ తీయడానికని వాటిని మాత్రమే విప్పితే హెడ్ ఒక పక్క సడలుతుంది. నీళ్ళు ఆ సందులోకి దిగుతాయి.

స్పానరు లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి. చిన్న పెట్రోల్ ఇంజన్ల హెడ్ బోల్టులకు మామూలుగా 50 నుంచి 70 న్యూటన్ మీటర్ల బిగింపు కావాలి. పాతిక సెంటీమీటర్ల స్పానరుతో 60 న్యూటన్ మీటర్లు రావాలంటే చివర దాదాపు 25 కేజీల బలంతో లాగాలి. అదే స్పానరుకు పైపు తగిలించి ముప్పావు మీటరు చేసి, అదే ఊపుతో లాగితే 180 అవుతుంది. మర తెగిన స్టడ్లన్నీ ఆ పైపుకు మొక్కాలి. చెయ్యి తిరిగిన మేస్త్రీకి చేతి లెక్క ఉంటుందంటారు. ఉంటుంది, ఒప్పుకుంటాను, మొదటి బోల్టు దగ్గర ఉన్న చెయ్యి పదో బోల్టు దగ్గర ఉండదు. హెడ్డుకు కావాల్సింది గట్టిదనం కంటే సమానత.

టార్క్ రెంచి ఉన్నా మోసం జరిగే చోట్లున్నాయి. నట్టు తిప్పడానికి పెట్టే బలంలో దాదాపు తొంభై శాతం రాపిడికే పోతుంది. బోల్టును సాగదీసి హెడ్‌ను పట్టి ఉంచడానికి మిగిలేది పదో వంతు. మర తుప్పు పట్టి ఉంటే ఆ పదో వంతు కూడా మిగలదు, రెంచి మాత్రం లెక్క సరిపోయిందని చెబుతుంది. అందుకే మరలు బ్రష్ పెట్టి శుభ్రం చేసి, మాన్యువల్ చెప్పినచోట కొంచెం నూనె రాయాలి. బ్లాకులోని బోల్టు రంధ్రంలో నీళ్ళో ఆయిలో నిలిచి ఉంటే బోల్టు దిగేటప్పుడు ఆ ద్రవానికి పోయే దారుండదు, బ్లాకే పగలొచ్చు. దూది చుట్టిన పుల్లతోనైనా ఎండగట్టాలి. స్టడ్డు రంధ్రం చుట్టూ బ్లాకు లోహం లాక్కొచ్చి కాస్త ఉబ్బి ఉంటుంది. దాన్ని సమం చెయ్యకపోతే హెడ్ ఆ ఉబ్బు మీదే కూర్చుంటుంది. కొలమానాల గందరగోళం ఇంకొకటి. అంబాసిడర్ పుస్తకంలో అడుగు-పౌండ్లు, పాత మారుతి పుస్తకంలో కేజీ-మీటర్లు, బజారులో దొరికే కొత్త రెంచి మీద న్యూటన్ మీటర్లు ఉంటాయి. ఒక కేజీ-మీటరు 9.8 న్యూటన్ మీటర్లు. ఒక అడుగు-పౌండు 1.36. నలభై అడుగు-పౌండ్లు అని ఉన్నచోట నలభై న్యూటన్ మీటర్లకు పెట్టి బిగిస్తే పావు వంతుకు పైగా తక్కువ పడినట్టే. ఆ తప్పు బండి ఘాటెక్కిన రోజే బయటపడుతుంది.

దించిన హెడ్‌ను అలాగే ఎక్కించడం దించే పక్షం చేసే పెద్ద పొరపాటు. ఉక్కు స్కేలు లాంటి స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, కింద ఫీలర్ గేజి దూర్చి నిలువునా, అడ్డంగా, మూలలకూ చూడాలి. చిన్న అల్యూమినియం హెడ్‌కు 0.05 మిల్లీమీటర్లు దాటితే ఫేసింగ్‌కు పంపాల్సిందే. అంటే తల వెంట్రుక మందం కూడా కాదు. ఈ ఊళ్ళలో లేత్ అంగళ్ళు ఉన్నాయి. సరైన సర్ఫేస్ గ్రైండింగ్, పగుళ్ళకు ప్రెషర్ టెస్టు కావాలంటే చాలామంది బెంగళూరు దారి పడతారు. మదనపల్లె నుంచి 120 కిలోమీటర్లు, కుప్పం నుంచైతే రైలుంది. దూరమని చెప్పి ఎమరీ కాగితంతో రుద్దేసే వాళ్ళున్నారు. మందపాటి అద్దం మీద కాగితం పరిచి ఓపిగ్గా రుద్దితే ఇనుప హెడ్‌కు, కాంపోజిట్ గ్యాస్కెట్‌కు గట్టెక్కవచ్చు. చేతి గ్రైండర్‌తో అల్యూమినియం మీద పడితే మాత్రం కంటికి కనబడని గుంటలు పడతాయి, వాటి మీద ఏ గ్యాస్కెట్టూ నిలవదు. కోత ఎక్కువైనా ముప్పే. పెట్రోల్ ఇంజన్లో కంప్రెషన్ పెరిగి నాకింగ్ వస్తుంది. డీజిల్లో పిస్టన్‌కూ హెడ్‌కూ మధ్య సందు ముందే చాలా తక్కువ. అందుకే చాలా డీజిల్ ఇంజన్లకు గ్యాస్కెట్లు వేర్వేరు మందాల్లో, అంచున గాట్లతో గుర్తు పెట్టి వస్తాయి. ఆ గాట్లు చూడకుండా ఉన్నది తెచ్చి వేసేస్తే వాల్వు పిస్టన్‌కు తగలొచ్చు. గ్యాస్కెట్‌కు పైభాగం, ముందుభాగం గుర్తులుంటాయి. తిరగేస్తే ఒక నీటి దారో ఆయిల్ దారో మూసుకుపోతుంది.

పాత గ్యాస్కెట్ గీకే పిల్లల గురించి ఎవరూ మాట్లాడరు. రాగి, ఆస్బెస్టాస్ గ్యాస్కెట్ ఎండుగా గీకితే లేచే ధూళి ఊపిరితిత్తుల్లో దిగి దశాబ్దాల తర్వాత ప్రాణం తీయగలదు. ఐరోపా సమాఖ్య 2005 నాటికి ఆస్బెస్టాస్‌ను నిషేధించింది. మన దేశంలో తెల్ల ఆస్బెస్టాస్ వాడకం నడుస్తూనే ఉంది. తడిపి గీకాలి, కంప్రెసర్ గాలితో ఊదకూడదు, ముక్కుకు మాస్కు ఉండాలి. ఇందుకు అయ్యే ఖర్చు ఓ చెంబెడు నీళ్ళు.

రేడియేటర్లో పసుపు వేసే లారీ డ్రైవర్ల చిట్కా, డబ్బాల్లో అమ్మే లీకు మందులు, గ్యాస్కెట్‌కు రెండువైపులా సిల్వర్ పెయింటో షెలాకో పూయడం గురించి ఒక్కమాట చాలు. మొదటి రెండూ ఊరు చేరడానికి పనికొస్తే రావచ్చు, గారతో సగం పూడిన రేడియేటర్‌ను మిగతా సగం పూడుస్తాయి. పెయింటు, షెలాక్ పాత రాగి గ్యాస్కెట్ల నాటి అలవాటు. ముందే పూత పూసి వచ్చే నేటి గ్యాస్కెట్ల మీద అవి చెరుపే చేస్తాయి.

ఇక ఇంజన్ మార్చేద్దామనే పక్షం. బెంగళూరు శివాజీనగర్‌లో, చెన్నై పుదుపేటలో పాత ఇంజన్లు దొరుకుతాయి నిజమే. దాని హెడ్ ఎన్నిసార్లు వేడెక్కిందో, ఏ బోరు నీళ్ళు తాగిందో అమ్మేవాడికీ తెలియదు. ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరు మారుతుంది కాబట్టి రవాణా శాఖ చేత నమోదు చేయించాలి. లేకపోతే ఎఫ్‌సీ దగ్గర, ఇన్సూరెన్స్ దగ్గర ఇరుక్కుంటారు. పదిహేనేళ్ళు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు. ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. ఈ లెక్కలన్నీ వేసుకుంటే, బ్లాకు పగలనంతవరకు, సిలిండర్ బోర్లు బాగున్నంతవరకు, ఉన్న ఇంజన్‌కే పద్ధతిగా హెడ్ పని చేయించడం చవక. బ్లాకు పగిలిందంటే మాత్రం మూడో పక్షానిదే గెలుపు.

కాబట్టి నా తీర్పు ఇది. కాలిన గ్యాస్కెట్‌కు దించడమే దారి. కొత్తగా వేసిన కాంపోజిట్ గ్యాస్కెట్‌కు రెండో బిగింపు తప్పనిసరి. రెండు పనుల్లోనూ కొలత లేని స్పానరు పనికిరాదు, రెండింటి తర్వాతా బోరు నీళ్ళు పోయకూడదు. టార్క్ రెంచి ఒక్క గ్యారేజీకి భారమైతే ఒక వీధిలోని నాలుగైదు గ్యారేజీలు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు, ఏడాదికోసారి సరిచూపించుకోవచ్చు. యజమానులు చెయ్యాల్సింది ఇంకా తేలిక. మీ బండి మాన్యువల్లో హెడ్ బిగింపు వరస, లెక్క ఉన్న పేజీని ఫోటో తీసి ఫోనులో పెట్టుకోండి. మేస్త్రీ అడక్కపోయినా చూపించండి, రెండో బిగింపుకు ఏ తారీఖున రావాలో బిల్లు మీదే రాయించుకోండి, ఆ రోజు కూలీ ఇచ్చి మరీ బిగించుకోండి.